మా అత్తగారు బొమ్మలు చూసిన రోజు

నేను చిత్రాల మ్యూజియంలో పెద్ద హాలుకి కాపలాదారుగా చేసి రిటైరైనవాణ్ణి. నా హయాంలో ఒక్క బొమ్మ మీద గోటి గీత పడలేదు. మెడల్ రెండుసార్లు అందుకున్నాను. కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పమని నా దగ్గరికే పంపేవారు. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు, గొప్పే అయినా. ఇందులో సగం వాటా మా అత్తగారిది. ఆవిడ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ఆవిడ వయసంతా నేతమిల్లులో మరమగ్గాల మధ్య గడిచింది. ఆ రొదకి చెవులు పోయాయి, పక్కన నిలబడి అరిస్తే తప్ప వినపడదు. పొట్టి మనిషి, నడక చురుకు. ఏ గుడ్డ కనపడినా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూడందే వదిలేది కాదు. నేను అల్లుడిగా మొదటిసారి వెళ్ళినప్పుడు నా చొక్కా అంచు నలిపి చూసి, "గుడ్డ మంచిదే" అంది. నన్ను మెచ్చుకోవడం అంతటితో సరి.

మ్యూజియంలో చేరకముందు నేను బస్సు కండక్టర్ని. మా ఊరి బడిలో ఎక్కాలు పక్క పొలంలో వాళ్ళకి వినపడేలా చెప్పించేవారు. ఆ గొంతు బస్సులో అక్కరకొచ్చింది. తర్వాత మోకాలు దెబ్బతిని ఇటు మారాను. చేరిన రోజే ఒక చిత్రం ముందు జనం గుమిగూడారు. అలవాటుకొద్దీ, "ముందుకి జరగాలి, ముందుకి జరగాలి, వెనకవాళ్ళకి చోటివ్వాలి" అన్నాను. ఒక పెద్దాయన కళ్ళజోడు జారవిడిచాడు.

హాలు బాధ్యత చూసే మేడం నన్ను పక్కకి పిలిచింది.

"వీళ్ళెవరూ ఎక్కడా దిగాల్సినవాళ్ళు కాదండీ. నిలబడి చూడ్డానికే వచ్చారు. నెలాఖరుదాకా చూస్తాను. గొంతు తగ్గకపోతే మీరు వేరే పని వెతుక్కోవాలి."

ఇంట్లో సంపాదన నాదొక్కటే. అందుకని మా ఆవిడతో గుసగుసల సాధన మొదలుపెట్టాను. మంచినీళ్ళు అడిగినా గుసగుసే. రెండో పూటకే, మా ఇంట్లోనే ఉండే అత్తగారికి మా పెదాలు చూసి అనుమానం వచ్చింది.

"ఏమే, మీ ఇద్దరూ నా గురించేగా?"

"నీ గురించి కాదమ్మా, ఆయన ఉద్యోగం గురించి" అని మా ఆవిడ వీధి చివరిదాకా వినపడేలా చెప్పింది.

సంగతంతా తెలిశాక అత్తగారు నవ్వింది. "ఇంతేనా నాయనా? మిల్లులో మేమెప్పుడన్నా అరిచామా? అరిచి ఏం లాభం, మగ్గం మా అందరికంటే గయ్యాళిది. ముందు అవతలి మనిషి కళ్ళు దొరకబుచ్చుకో. తర్వాత చెయ్యి చూపించు."

"అటు తిరిగి ఉంటేనో?" అని గట్టిగా అడిగాను.

"చెక్క నేలేగా మీది? కాలితో ఒక్కటి వెయ్యి. చెవికి అందకపోయినా పాదానికి అందుతుంది."

రోజూ వంటగదిలో పాఠం, మిల్లులో వాళ్ళు మాట్లాడుకునే సైగలన్నీ. రెండు అరచేతులు నెమ్మదిగా తోస్తే వెనక్కి జరగమని. భుజం తట్టుకుని పొట్ట చూపిస్తే వీపు సంచి ముందుకి తగిలించుకోమని. చేతులు నేనే వెనక్కి కట్టుకుని నిలబడితే, తాకొద్దని వేరే చెప్పక్కర్లేదు. ఎదుటివాళ్ళకి చిన్నతనం లేదు, నాకు గొంతు నొప్పీ లేదు.

నెలాఖరు వచ్చింది. మేడం గుమ్మం దగ్గర నిలబడి గమనిస్తోంది. ఆ పూటే మా అత్తగారు, నేర్పిన పని ఎలా చేస్తున్నానో చూద్దామని, చెప్పకుండా వచ్చేసింది. నన్ను చూడనే లేదు. నేరుగా ఒక పెద్ద చిత్రం దగ్గరికి నడిచింది. అందులో ఒకామె ఒళ్ళో నీలం పట్టుగుడ్డ పరుచుకుని కూర్చుంటుంది. అత్తగారి రెండు వేళ్ళూ దగ్గరయ్యాయి. చెయ్యి లేచింది.

నేను అవతలి మూలనున్నాను. అరిస్తే ఆవిడకి వినపడదు, మేడంకి వినపడుతుంది. పరిగెత్తడానికి మోకాలు లేదు. ఆ వేళ్ళు బొమ్మకి తగిలితే నా పనీ పోతుంది, మా ఇంటి మనిషికి మాటా వస్తుంది. కాలెత్తి నేల మీద ఒక్కటి వేశాను. చెక్కలు అదిరాయి. హాల్లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు, ఆవిడా తిరిగింది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆవిడ తన చేతిని, ఎవరిదో అన్నట్టు చూసుకుని, మెల్లగా వెనక్కి తీసుకుంది. తర్వాత అక్కణ్ణుంచే వేళ్ళు ఆడిస్తూ నాతో ఏదో చెప్పింది.

మేడం నా పక్కకి వచ్చింది. "ఎవరావిడ?"

"మా అత్తగారండీ." ఇక అయిపోయిందనుకున్నాను.

"ఏమంటున్నారు?"

"ఆ ముడతలు మంచి పట్టుకే అలా పడతాయట. మిల్లులో చేసింది లెండి."

మేడం ఆవిడ వేళ్ళనీ, ఆ నీలం గుడ్డనీ మార్చి మార్చి చూసింది. "ఆ దూరంలో ఉండి ఎంతసేపైనా చూడమనండి" అంది. వెళ్తూ వెళ్తూ, "నోరెత్తకుండానే ఆపారు. రేపటినుంచి హాలు తాళాలు మీ దగ్గరే ఉంటాయి" అంది.

నేను గాలిలో తాళం తిప్పినట్టు చేసి చూపించాను. అత్తగారు తలూపి, మళ్ళీ బొమ్మకేసి తిరిగింది. మూసే వేళదాకా కదల్లేదు.

ఇప్పుడా చెక్క నేల తీసేసి రాయి పరిచారు. ఆవిడా లేదు. ఆ సాయంత్రం మేమిద్దరం నడుచుకుంటూ రావడం మాత్రం నాకు కళ్ళకి కట్టినట్టుంది. దారిపొడుగునా ఆవిడ చేతులతో ఆ నీలం గుడ్డ గురించి చెబుతూనే ఉంది, నేను చేతులతోనే అడుగుతున్నాను. ఎదురొచ్చేవాళ్ళు తప్పుకుని మరీ చూశారు.

గుమ్మంలో మా ఆవిడ కంగారుగా నిలబడి ఉంది. "ఏమైంది? ఉద్యోగం ఉందా, పోయిందా? ఇద్దరూ నోరు మెదపరేం, పోట్లాడుకున్నారా?"

"ఉందిలేవే" అంది అత్తగారు. "కాస్త ఆగు, మేం మాట్లాడుకుంటున్నాం."