మైకు లేని క్లబ్బు

మన గొంతు మనకు వినిపించినంత తియ్యగా లోకానికి వినిపించదని ఆ రోజుల్లో నాకెవరూ చెప్పలేదు. (చెప్పినా వినేవాణ్ణి కాదు, నాకప్పుడు ఇరవై రెండేళ్లు.) ఆదోనిలో ఒక బట్టల దుకాణం మేడమీద, నలభై మంది కూర్చుంటే ఊపిరాడని గదిలో మా పాటల క్లబ్బు ఉండేది. హార్మోనియం వాయించే భాయ్ దాన్ని నడిపేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు అక్కడ ఎవరైనా పాడవచ్చు. మైకు పెట్టె చూసుకునేది నేను కాబట్టి చివరి పాట ఎప్పుడూ నాదే.

ఒక ఆదివారం ఎమ్మిగనూరు నుంచి మగ్గం నేసే పెద్దాయన ఒకరు వచ్చి (తర్వాత ఆయన మా అందరికీ మగ్గం మామ అయ్యాడు) ఒక తత్వం అందుకున్నాడు. మొదటి చరణానికే జనం తలలు ఊపసాగారు. నా పాటకు ఏనాడూ ఊగని తలలవి. ఆ తర్వాత నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు. కాళ్లు చాపుకుంటున్నట్టు నటించి, బొటనవేలితో పెట్టె స్విచ్చి ఆపేశాను.

మామ ఆగలేదు. మైకును మెల్లగా పక్కకు జరిపి గొంతు విప్పాడు. ఎవరో లేచి ఫ్యాను కూడా ఆపేశారు. కింద దుకాణంలో బట్ట బేరమాడుతున్నవాళ్లు మెట్లెక్కి వచ్చి నిలబడ్డారు.

పాట అయ్యాక ఆయన నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "వైరు లూజున్నట్టుందప్పా. సిన్నోనివి, మద్దెలో ఆగిపోతే బెదురుతావు. నేను పట్టుకుంటా, నువ్వు పాడు," అన్నాడు. స్విచ్చి వేసి నేను పాడినంతసేపూ ఆ మనిషి రెండు చేతులతో వైరు పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. మైకు దివ్యంగా పనిచేసింది. నా అపస్వరాలు ఒక్కటీ తప్పిపోకుండా బజారు దాకా వినిపించాయి.

"ఇంక మైకు బంద్ అప్పా. గొంతంటే ఏందో ఈ పొద్దు సూసినాం గదా," అన్నాడు భాయ్. అదే ఆనవాయితీ అయింది. మైకు లేకుండా పాడడం నేర్చుకోవాలని మంత్రాలయం నుంచీ హాలహర్వి నుంచీ కుర్రవాళ్లు వచ్చారు. తిరిగి వెళ్లి తమ ఊళ్లలోనూ అలాంటి గదులే తెరిచారు.

నిజం చెప్పేద్దామని చాలాసార్లు ఎమ్మిగనూరు వెళ్లాను. మామ మగ్గం దిగి వచ్చి, "గొంతు బాగుందా అప్పా?" అని అడిగేవాడు. బాగుందని చెప్పి, టీ తాగి వచ్చేసేవాణ్ణి. ఆయన పోయి ఏళ్లయింది.

మొన్న మా క్లబ్బు చరిత్ర రాస్తున్న ఒక అమ్మాయి నా ముందు ఫోను పెట్టి, "మైకు ఆపేయాలన్న ఆలోచన ముందు ఎవరికి వచ్చింది సార్?" అని అడిగింది. నెరిసిన మీసం సర్దుకుని, "నాకే," అన్నాను. ఆమె భక్తిగా నమస్కారం పెట్టింది. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయాక, ఇంత వయసొచ్చినా ఒక్క నిజానికి గొంతు పెగలని నాలోని పెద్దమనిషిని తలుచుకుని కాసేపు సిగ్గుపడ్డాను, కాసేపు నవ్వుకున్నాను.