రాజవ్వ దగ్గు

అడగకుండా ఎవరెవరివో పాటలు ఫోనులోకి దించుకున్నవాడు, తన పాట పోతే దొంగతనమనొచ్చా? నేనిప్పటికీ తేల్చుకోలేదు. ప్రహ్లాద్ కంపెనీ బస్సులో నా పక్కన కూర్చుని, మా బస్సువాళ్ల వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రతి పాటనూ కాస్త విని, నచ్చితే తలూపి దాచుకునేవాడు, లేకుంటే బొటనవేలితో చెరిపేసేవాడు. చనిపోయిన నాయనమ్మ రాజవ్వ నాట్లేస్తూ పాడిన పాట, మధ్యలో ఆమె దగ్గుతో సహా, అతని ఫోనులో ఉండేది. వినమని దాన్ని అదే బస్సులో వచ్చే విఘ్నేశ్వర్‌కొక్కడికే పంపాడు. మొన్న అదే పాట డీజే దరువుతో గ్రూపులోకి వచ్చింది. దగ్గు ఉండాల్సిన చోట "డీజే విఘ్ను, పటేల్‌గూడ!" అని అరుపు.

"మా అవ్వ దగ్గిన కాడ నీ పేరు వెట్టుకున్నవారా?" అన్నాడు ప్రహ్లాద్.

"నువ్వేమన్న పాటలు కొనుక్కొని ఇంటున్నవా అన్నా?" ముందు సీటులోంచి విఘ్నేశ్వర్ నవ్వాడు.

ప్రహ్లాద్ లేచాడు. తన ఊరు హత్నూర ఇంకా దూరముండగానే బస్సు దిగిపోయాడు. నాతోనైనా పోయొస్తానని అనలేదు.