ఎండలో ఉడికిన మట్టి

జగిత్యాల దగ్గరి ఒక వ్యవసాయ ప్రయోగశాలలో రాజేశం పని మట్టి తేవడం. సైకిలేసుకుని ఊళ్లు తిరిగి, రైతు చేనులో జానెడు లోతు తవ్వి, అక్కడో గుప్పెడు ఇక్కడో గుప్పెడు తీసి కవర్లలో కట్టి, తడి ఆరకుండా, ఎండ తగలకుండా తెచ్చి అక్కడి శాస్త్రవేత్త డాక్టరు గారి బల్ల మీద పెట్టాలి. ఆ మట్టిలో పంట వేళ్లను పాడుచేసే, కంటికి ఆనని నులిపురుగులు ఉంటాయి. గరాటు మీద గుడ్డ పరిచి, మట్టి ఉంచి, నీళ్లు పోస్తే ప్రాణమున్నవి ఈదుకుంటూ అడుగుకు దిగుతాయి. వాటిని మైక్రోస్కోపు కింద చూసి డాక్టరు గారు ఏ జాతివో చెబుతారు. చచ్చినవి దిగవు. దిగనివి లేనట్టే లెక్క. ఈ సంగతి రాజేశానికి బాగా తెలుసు. తెలియనివాడైతే తర్వాత అంత కుమిలిపోయేవాడు కాదు.

ఆ ఏడు వైశాఖంలో కోరుట్ల అవతల ఒక ఊళ్లో లింగవ్వ చేను మట్టి తీశాడు. మొగుడు పోయి, ఉన్న ఎకరాన్నే నమ్ముకున్న మనిషి. మళ్లీ పసుపు పెట్టాలా, మొక్కజొన్న వేయాలా అన్నది ఆమె సందేహం.

"మీరు మంచిగుందంటే పసుపే పెడ్త సారూ. లేకుంటే మక్కలేస్త. మీరెట్ల చెప్తే గట్ల" అంది.

తిరిగి వస్తుంటే దారిలో పోలీసులు ఆపారు. అవెలాంటి రోజులంటే, భుజాన సంచి వేసుకున్న ప్రతివాడూ పోలీసులకు నక్సలైట్ అన్నల మనిషి, అన్నలకు పోలీసుల మనిషి. "గీ పొట్లాలేందిరా? మందుగుండా?" అని కవర్లన్నీ విప్పించి, మట్టిని ఎండలో రేకు మీద పరిపించారు. పెద్దసారు వచ్చి చూసి పొమ్మనేసరికి పొద్దు వాలింది. ముట్టుకుంటే మట్టి చురుక్కుమంది.

అలాంటి మట్టిని పారబోసి, మళ్లీ వెళ్లి తేవాలి. పద్ధతి అది. కానీ ఆ ఊళ్లో మళ్లీ అడుగు పెడితే అన్నలు ఊరుకుంటారా? పొద్దంతా పోలీసుల దగ్గర కూర్చుని ఏం చెప్పి వచ్చావని నిలదీయరా? అదే మట్టిని కవర్లకెత్తి, కాసిన్ని నీళ్లు చిలకరించి బల్ల మీద పెట్టాడు. గొప్ప తెలివి! డాక్టరు గారు చూసి, "ఏ జాతీ లేదు, శుభ్రమైన మట్టి" అన్నారు. రాజేశం నోరు మెదపలేదు.

లింగవ్వ పసుపు పెట్టింది. విత్తనపు కొమ్ములు అదే ఊళ్లో ఉండే తమ్ముడు హన్మండ్లు ఇచ్చాడు. దసరా నాటికి ఆకులు పండుబారి, మొక్కలు ఎక్కడివక్కడే కూలబడ్డాయి. ఆమె ఒక మొక్కను వేళ్లతో సహా పెకిలించి ప్రయోగశాలకు తెచ్చింది. వేళ్ల నిండా బుడిపెలు. డాక్టరు గారు ఒక బుడిపెను చీల్చి చూసి, ఇది వేరుబుడిపె జాతి అని తేల్చారు. "ఎండాకాలం మట్టిలో లేదు కదమ్మా. విత్తనంతోనే వచ్చి ఉంటుంది" అన్నారు. పక్కనే రాజేశం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆ ఊళ్లో తగవంటే అన్నల దగ్గరికే; లింగవ్వా అక్కడికే పోయింది. బడి ముందు పంచాయితీ పెట్టారు. "నా చేన్ల పెట్టింది గుడ గదే ఇత్తనం. తవ్వి సూడుండ్రి" అని హన్మండ్లు మొత్తుకున్నాడు. ఒక్కడూ గడ్డపార ఎత్తలేదు. సర్కారును కూలదోస్తామన్నవాళ్లు సర్కారు డాక్టరు అద్దంలో చూసి చెప్పిన మాటను మాత్రం కళ్లకద్దుకున్నారు. ఊరందరి ముందు హన్మండ్లు చేత ముక్కు నేలకు రాయించి, అక్కకు తప్పయిందని చెప్పించారు. అతను ఆ వారంలోనే ఊరు విడిచి సిరిసిల్లకు పోయాడు.

ఈ ముచ్చట రాజేశం కోరుట్ల చాయ్ హోటల్లో విన్నాడు. చాయ్ అక్కడే వదిలేశాడు. అన్నల భయం కూడా మరిచి నేరుగా హన్మండ్లు చేనుకు పోయి నాలుగు మొక్కలు పీకాడు. వేళ్లు నున్నగా ఉన్నాయి. వెతికి వెతికి చూసినా ఒక్క బుడిపె లేదు. గట్టు మీద కూలబడి ఏడ్చాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు డాక్టరు గారికి జరిగిందంతా చెప్పేశాడు. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "నాకు చెబితే ఏం లాభం రాజేశం?" అన్నారు.

సిరిసిల్లలో హన్మండ్లు ఒక కార్ఖానాలో సాంచలు నడుపుతున్నాడు. ఆ మరమగ్గాల మోతలో పక్క మనిషి మాట పక్క మనిషికి వినబడదు. రాజేశం మెల్లగా చెప్పుకుందామని వచ్చిన మాటను గొంతు చించుకుని అరవాల్సి వచ్చింది.

"మీ అక్క చేను మట్టి నేనే ఖరాబ్ చేసిన హన్మండ్లూ! ఎండల ఉడికిపోయింది. పురుగులు ముందుగాలే చేన్ల ఉన్నయ్. నీ ఇత్తనంల ఏం లేదు!"

హన్మండ్లు బయటికి నడిచాడు. గోడ నీడన నిలబడి అడిగాడు.

"ఉడికిందని గప్పుడే ఎర్కనా నీకు?"

"ఎర్కే."

"మరెందుకు చెప్పలే?"

"అన్నలకు బయపడ్డ."

రాజేశం అతని కాళ్ల మీదికి వంగబోయాడు. హన్మండ్లు గబుక్కున వెనక్కి జరిగాడు.

"నా కాళ్లెందుకు? నన్ను ఎవల ముందట వంగబెట్టిండ్రో గాళ్ల ముందట చెప్పు."

"గాళ్లు నన్ను ఇడిసిపెట్టరు హన్మండ్లూ."

"నన్ను ఇడిసిపెట్టిండ్రా?"

హన్మండ్లు లోపలికి పోయి తన సాంచలు ఆపి, మేకుకున్న అంగీ తీసి, దూది దులుపుకుని తొడుక్కున్నాడు. ఊరికి పోయే బస్సు కోసం బస్టాండు దాకా రాజేశాన్ని ముందు పెట్టుకుని, అతను ఒక అడుగు వెనకే నడిచాడు.