కట్టు బిగిసేదాకా

ఓడలో అతన్ని అందరూ ఉడుం అనేవారు. తాడు పట్టుకుంటే వదిలే రకం కాదని ఆ పేరు. ఓడని రేవుకి కట్టడం అతని పని. చేరిన రోజే పాత మేస్త్రీ ఒక్కటే చెప్పాడు: కట్టు బిగిసిందని కేక వినపడేదాకా తాడు వదలకూడదు, వదిలితే అది అవతల నిలబడ్డవాళ్ళ మీదికి కొరడాలా లేస్తుంది. ఉడుం ఆ మాట తలకెక్కించుకున్నాడు. అదే అతని కొంప ముంచింది.

ఒక గాలివాన పూట తాడుకీ ఇనుప దిమ్మకీ మధ్య అతని కుడిచెయ్యి నలిగింది. మరొకడైతే అక్కడే కుప్పకూలేవాడు. ఇతను పళ్ళబిగువున ఎడమచేత్తో, మోచేత్తో తాడు ఒడిసిపట్టి, కేక వినపడ్డాకే కూలబడ్డాడు. కెప్టెన్ భుజం తట్టాడు. చేతికో గుడ్డ చుట్టి ఇంటికి పంపేశారు. ఊరొచ్చి ఆస్పత్రికి చేరేసరికి చెయ్యి నల్లబడింది. బొటనవేలూ చూపుడువేలూ మిగిల్చి తక్కినవి తీసేశారు.

పంపేటప్పుడు కంపెనీ ఏజెంటు "మేం లేమా తమ్ముడూ" అన్నాడు. ఉన్నారు, ఎక్కడికి పోతారు? ఫోనే ఎత్తరు. పనిలో గాయపడ్డ ఓడ కార్మికుడికి వైద్యం చేయించాలి, నయమయ్యేదాకా జీతమివ్వాలి, అవిటితనం మిగిలితే పరిహారం కట్టాలి. చట్టం చెప్పేది ఇంతే. దానికోసం కాళ్ళరిగేలా తిరగమని చట్టంలో ఎక్కడుందో ఆ పెద్దమనుషులే చెప్పాలి.

రోజూ భార్య చొక్కా గుండీలు పెడుతుంటే అతను గోడ వైపు చూసేవాడు. చివరికి పరిహారం కోసం కేసు వేశారు. విచారణ రోజు ఆవిడ అతని గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. "ఇవాళ నువ్వు నోరు విప్పకపోతే నేను విప్పుతాను" అంది.

కంపెనీ వకీలు నున్నగా మాట్లాడాడు. దెబ్బ తగిలాక కూడా ఈయన పని పూర్తిచేశాడట, కాబట్టి అది పెద్ద దెబ్బే కాదట. ఇంటికెళ్ళి అశ్రద్ధ చేసి చెయ్యి పాడుచేసుకున్నాడట. భార్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఉడుం ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆ క్షణంలో తాడు వదిలేసి ఉంటే ఏం చేసేవారని విచారణాధికారి వకీలుని అడిగాడు.

"బాధ్యత లేనివాడని పనిలోంచి తీసేసేవాళ్ళమండీ" అన్నాడు వకీలు, తడుముకోకుండా.

అప్పుడు ఉడుం లేచాడు. "వదిలితే ఉద్యోగం పోయేది. వదలనందుకు చెయ్యి పోయింది. మీ ఓడ మాత్రం బాగానే ఉంది కదండీ" అన్నాడు.

అధికారి వకీలుని కూర్చోమన్నాడు. పరిహారం మొత్తం కట్టి తీరాల్సిందేనని ఆ పూటే తేల్చేశాడు.

బయట వరండాలో ఏజెంటు పళ్ళికిలిస్తూ, "నీ మంచి కోరేవాళ్ళమే తమ్ముడూ" అని చెయ్యి చాచాడు. ఉడుం తన కుడిచెయ్యే ఇచ్చాడు. ఏజెంటు చూపు పక్కకి జారింది. అతను తలదించి ఆ చేతిని చూసేదాకా ఉడుం వదల్లేదు.