విమానానికి వచ్చిన గిన్నెలు

యుద్ధ సినిమా తీయడానికి మద్రాసు నుంచి వచ్చినవాళ్లు 1984లో గురజాల పక్క రాళ్ల చేలో ఒక పాత ఫైటర్ విమానాన్ని లారీ మీద తెచ్చి దించారు. వైమానిక దళం తుక్కు కింద అమ్మేసిన ఆ విమానానికి ఇంజను లేదు. ఆ ఊరి రైతు పున్నారావు తన ట్రాక్టరుకు మోకు కట్టి లాగితే అది కెమెరా ముందు పరుగెత్తింది. తెర మీద మోకు కనిపించలేదు, పున్నారావూ కనిపించలేదు. అయినా విమానం నడిపింది తానేనని ఆయన నిశ్చయానికి వచ్చాడు.

"రెండో భాగానికి వస్తాం, చూస్తుండు" అని వాళ్లు దాన్ని ఆయన దొడ్లో వదిలి వెళ్లారు. మొదటి భాగమే ఆడలేదు. ఆయన మాత్రం ప్రతి దసరాకూ రెక్కలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, ముక్కుకు నిమ్మకాయలు కట్టేవాడు. గేదెలు బయట వానలో తడిసేవి.

"యుద్ధమొస్తే మొదటి కబురు నీకే బాబాయ్!" అనేవాళ్లు టీకొట్టు దగ్గర. ఆయన కాదనేవాడు కాదు.

మూడో ఏడు ఆయన మిరపకాయల లోడుతో గుంటూరు వెళ్లి వచ్చేసరికి దొడ్లో గేదెలున్నాయి, విమానం లేదు. పాత సామానుకు సత్తు గిన్నెలిచ్చే వ్యాపారి దాన్ని ముక్కలు చేయించి తీసుకుపోయాడు. భార్య పిచ్చమ్మ వసారాలో కొత్త గిన్నెలు తోముతోంది.

"ఏమే, సినిమావాళ్లొచ్చి అడిగితే ఏం చెప్పాలే?"

"అన్నం తిని పొమ్మను. గిన్నెలు చానా ఉన్నాయి."

ఆయన ఒక గిన్నె తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. "ఇది రెక్కదా, తోకదా?"

"కూరది," అంది పిచ్చమ్మ. "ఇటియ్యి."