ఆషాఢంలో నాలుగు ఆదివారాలు

మొన్న ఆదివారం పొద్దున్నే రేపల్లె నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, నాన్న పోయి మూడు నెలలైంది. ఇంట్లో ఉండబుద్ధి కావట్లేదు. నువ్వు బాపట్లలో బండెక్కు, నేనిక్కడ ఎక్కుతాను. తెనాల్లో దిగి ఆ పార్కుకి వెళ్దాం," అంది. ఏ పార్కని నేను అడగలేదు. మోకాళ్ళ నొప్పులనీ, ఎండనీ, గ్యాసువాడు వస్తాడనీ వంకలు చెప్పి తప్పించుకోవడంలో మా ఇంట్లో నా తర్వాతే ఎవరైనా. ఆ పూట మాత్రం ఒక్క వంకా నోటికి రాలేదు. ఆ పిల్ల రేపల్లెలోనే టీచరుగా చేస్తోంది, యాభై దాటి అయిదారేళ్ళయింది, అయినా నాకు పిల్లే. చిన్నప్పుడు ఎత్తుకుని ఉంటే ఎదగడం చూసేదాన్ని. ఎత్తుకోలేదు కాబట్టి పెద్దదైందంటే మనసు ఒప్పుకోదు.

మా పుట్టిల్లు తెనాలే. పందొమ్మిది వందల అరవైల్లో మాకు పార్కుకి వెళ్ళడమంటే చిన్న విషయం కాదు. తెనాలి మధ్యలోంచి కాలవలు పోతాయి. పారేవి కృష్ణ నీళ్ళే కదా అని మేం వాటిని కాలవలనుకునేవాళ్ళం కాదు. చుట్టాలొస్తే "నది ఒడ్డున పార్కుంది, చూద్దురుగాని రండి" అని తీసుకెళ్ళేవాళ్ళం. వాళ్ళు గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసి "నదేదీ?" అనేవాళ్ళు. అలాంటి చుట్టాలకి ఇంటికొచ్చాక రెండోసారి కాఫీ దొరికేది కాదు. పార్కులో నాలుగు సిమెంటు బల్లలు, ఒక పొగడచెట్టు, కట్టినప్పట్నుంచీ ఒక్క చుక్క చిమ్మని ఫౌంటెను, దాని చుట్టూ ఎర్రటి మెట్టతామరలు ఉండేవి. ఒక మూల చిన్న గది, గదిలో మునిసిపాలిటీ రేడియో, గది నెత్తిన రెండు మైకులు. సాయంత్రం అయిదింటికి మునిసిపాలిటీ మనిషి వచ్చి తాళం తీసి, ఏదో ప్రారంభోత్సవం చేస్తున్నంత దర్జాగా రేడియో తిప్పేవాడు. ఇళ్ళల్లో రేడియోలు లేని మాలాంటివాళ్ళంతా గడ్డిలో చతికిలబడేవాళ్ళం. తడిగడ్డి వాసన, వేపిన వేరుశెనక్కాయల వాసన, కాలవలోంచి వచ్చే బురద వాసన అన్నీ కలిసి ఒకటే వాసనగా ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా అది తగిలితే నా చెవుల్లో రేడియో గరగర మొదలవుతుంది.

మా అక్క పెళ్ళి జ్యేష్ఠమాసం చివర్లో అయింది. బావది రేపల్లె, అక్కడ రైసుమిల్లులో గుమాస్తా. ఎంత తలంటుకున్నా చెవుల వెనక తవుడు మిగిలిపోయే ఉద్యోగం. మనిషి మాత్రం బంగారం. పెళ్ళైన పది రోజులకే ఆషాఢం వచ్చేసింది, అక్క పుట్టింటికి వచ్చేసింది. ఆ నెలంతా కొత్త కోడలు అత్తతో ఒకే గడప దాటకూడదు, కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. దీనికి కారణం ఆడవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ గట్టిగా అనరు. ఆషాఢంలో కడుపుతో అయితే కాన్పు మండుటెండల్లో వస్తుంది, తల్లీబిడ్డలకి గండం. అందుకే ఆలుమగల్ని నెలపాటు విడదీయడం.

మా నాయనమ్మ పంచాంగం చూసి వీధి మొత్తానికీ మంచిచెడ్డలు చెప్పే మనిషి. అలాంటావిడే, అక్క నాలుగు రోజులు వరసగా అన్నం కెలికి లేచిపోవడం చూసి మెత్తబడిపోయింది. "అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదన్నారు గానీ, కాలవగట్టు తొక్కకూడదని ఎవరన్నారే? పార్కుకి గడపేదీ?" అంది. అని ఊరుకోకుండా నా చేత బావకి కార్డు రాయించింది. 'ఇక్కడ అందరం క్షేమం. ఆదివారం సాయంత్రాలు పిల్లలు పార్కుకి వెళ్తుంటారు. ఆపైన మీ ఇష్టం' అని. నాన్నకి మాత్రం చెప్పొద్దంది. నాన్న లెక్కల మాస్టారు. ఆయన దగ్గర ఏదైనా సరే తప్పో ఒప్పో, మధ్యలో మార్కులుండవు. నన్నేమో కాపలా పెట్టింది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. "వాళ్ళని వదిలి అంగుళం కదిలావంటే కాళ్ళిరగ్గొడతాను," అంది నాయనమ్మ.

మొదటి ఆదివారం నేను నా ఉద్యోగం ఎంత శ్రద్ధగా చేశానంటే, బల్ల మీద వాళ్ళిద్దరికీ మధ్యన కూర్చున్నాను. బావ ఆ చివర, అక్క ఈ చివర. అక్క అరచేతుల్లో గోరింటాకు ఎర్రగా పండి ఉంది. అది బావకి కనపడాలని ఆవిడ చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది, మధ్యలో నేను అడ్డం. బావ రేపల్లె నుంచి నేరేడుపళ్ళు తెచ్చాడు. పొట్లం నా ఒళ్ళో పెట్టి, "మీ అక్క ఆరోగ్యం బాగుందా, అడుగు," అన్నాడు. నేను అడిగాను. "బాగుందని చెప్పు," అంది అక్క. "బండి రద్దీగా ఉందేమో అడుగు," అంది. "నిలబడే వచ్చానని చెప్పు," అన్నాడు బావ. మూరెడు దూరంలో కూర్చున్న మొగుడూ పెళ్ళాల మధ్య ఇలా టపా మోస్తూనే పొట్లం మొత్తం నేనే తినేశాను. ఇంటికెళ్ళాక నా నాలిక ఊదారంగు చూసి నాయనమ్మ గుండె బాదుకుని, నాన్న వచ్చేలోపు ఉప్పు రాసి తోమించింది. రెండో ఆదివారం అక్క నన్ను గిల్లి పక్క బల్లకి పంపింది. మూడో ఆదివారం వాన పడి ముగ్గురం రేడియో గది చూరు కింద నిలబడ్డాం, తోటమాలి ఈలేసి తరిమేదాకా.

నాలుగో ఆదివారం రేడియోలో నాటకం వచ్చింది. ఏం నాటకమో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. ఎవరో తండ్రి, ఎవరో కూతురు, తలుపు కొడుతున్న చప్పుడు. నేను లేచి వెళ్ళి మైకు కింద కూర్చున్నాను. అయ్యాక వెనక్కి చూస్తే బల్ల ఖాళీ. కాసేపటికి గట్టు మీద జనంలోంచి ఇద్దరూ నడిచి వస్తున్నారు, మధ్యన మనిషి పట్టేంత ఎడంతో. అక్క చీర కుచ్చిళ్ళకి బురద. "లాకుల దాకా నడిచెళ్ళాం. కాలవ తలుపుల మీంచి నీళ్ళు దూకుతుంటే ఎంత బాగుందో," అంది ఇంటికొస్తూ. దారిపొడుగునా మాట్లాడుతూనే ఉంది గానీ నేను సగం వినలేదు, నాయనమ్మకి తెలిస్తే నా కాళ్ళ సంగతేంటా అని ఆలోచిస్తున్నాను. "చెప్పకు," అన్నాను. "నువ్వూ చెప్పకు," అంది. అక్క నవ్వితే ఎడంవైపు పన్ను మీద పన్ను కనిపించేది. ఆ రోజు దారంతా అది కనిపిస్తూనే ఉంది.

శ్రావణంలో అక్క రేపల్లె వెళ్ళిపోయింది. కడుపుతో ఉందని కబురొచ్చింది, పురిటికి మా ఇంటికి తీసుకొచ్చాం. ఇంకా నెల పైన ఉందనుకుంటుండగా, చైత్రమాసం ఎండల్లో నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది. డాక్టరమ్మ ఎనిమిదో నెల బిడ్డేనని చెప్పింది. మూడో రోజు అక్కకి జ్వరం పట్టుకుంది. తడిగుడ్డ వేసిన రెండు నిమిషాల్లో ఆరిపోయేది. అయిదో రోజు మధ్యాహ్నం అక్క పోయింది. మా అక్కకి ఇరవయ్యేళ్ళు. ఆ వయసు దాటి నేను మనవల్ని కూడా ఎత్తాను గానీ, ఇప్పటికీ కలలో ఆవిడే నాకంటే పెద్ద.

కర్మలకి వచ్చిన ఆడవాళ్ళు వెనక వసారాలో కూర్చుని వేళ్ళు ముడిచారు. శ్రావణం, భాద్రపదం అని ఒకరు మొదలుపెడితే, ఆషాఢం నుంచి లెక్కపెట్టవే అని ఇంకొకరు దిద్దారు. పిల్ల చిన్నగా ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు, ఆషాఢం నుంచి చైత్రానికి లెక్క సరిపోయింది. పక్కింటావిడ, పార్కులో వాళ్ళిద్దర్నీ తను చూశానంది. ఆ మాట నాన్న చెవిన పడింది. నాన్న నన్ను ముందుగదిలోకి పిలిచాడు. అక్కడ బావ గోడకానుకుని, గడ్డం మాసి, నేల చూస్తూ కూర్చున్నాడు. గుమ్మం దగ్గర నాయనమ్మ. "ఆషాఢంలో నువ్వే కదా వాళ్ళ వెంట ఉంది. ఒక్క క్షణమైనా విడిచిపెట్టావా?" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. క్లాసులో లెక్క అడిగినట్టే అడిగాడు.

నేను చెప్పాల్సింది చాలా చిన్న మాట. ఒక సాయంత్రం నేనే నాటకం వింటూ కూర్చున్నాను, వాళ్ళు ఊరంతా తిరిగే గట్టు మీద లాకుల దాకా నడిచి వచ్చారు, అంతే. ఆ మాటతో బావా నాయనమ్మా ఇద్దరూ బయటపడేవాళ్ళు. నాకు మహా అయితే రెండు దెబ్బలు పడేవి. కానీ నాన్న కళ్ళు చూసేసరికి ఆ రెండు దెబ్బలే నాకు కొండంత అయ్యాయి. "నేనెక్కడికీ కదల్లేదు నాన్నా," అన్నాను. "వాళ్ళే నన్నొదిలేసి ఎటో వెళ్ళిపోయారు." ఎటో. ఎటో నాకు తెలుసు. బావ తలెత్తి నా వంక చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఈ పిల్లకి భయం వేసిందని గ్రహించినట్టు చూశాడు, మళ్ళీ తల దించుకున్నాడు. "ఇంక నా గడప తొక్కకు," అన్నాడు నాన్న బావతో.

వారం తిరక్కుండా బావ తల్లి వచ్చి బిడ్డని రేపల్లె తీసుకుపోయింది. మా అమ్మ కొంగులో మొహం దాచుకుని వీధి మలుపు దాకా వెళ్ళింది, మళ్ళీ ఒక్కతే తిరిగొచ్చింది. నాయనమ్మ పంచాంగం ఎవరికో ఇచ్చేసింది. వీధివాళ్ళు ముహూర్తం అడగడానికి వస్తే, "నా నోరు మంచిది కాదమ్మా, ఇంకెవర్నైనా అడగండి," అనేది. మనవరాల్ని తన చేతులతో చంపుకున్నానన్న నమ్మకంతోనే పందొమ్మిది వందల డెబ్బై మూడులో పోయింది. అప్పుడైనా చెవిలో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నాకు పెళ్ళై బాపట్ల వచ్చేశాను, పిల్లలు, సంసారం. నాన్న పోయాక బావవాళ్ళతో మళ్ళీ రాకపోకలు మొదలయ్యాయి గానీ, పెళ్ళిళ్ళలో ఎదురుపడి బాగున్నారా అంటే బాగున్నారా అనుకోవడమే. బావ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. కనపడ్డప్పుడల్లా "మోకాళ్ళెలా ఉన్నాయమ్మా" అని అడిగేవాడు. నా నోటి దాకా వచ్చిన మాటని నేను ఆ మోకాళ్ళ కబుర్ల కిందే తొక్కేసేదాన్ని.

మొన్న పార్కులో పాత బల్లలు లేవు, రేడియో గదీ లేదు. రంగురాళ్ళు పరిచిన బాట మీద జనం చేతులూపుకుంటూ నడుస్తున్నారు. కాలవ మాత్రం ఉంది. అక్క కూతురు కటకటాల పక్కన నిలబడి నీళ్ళనే చూస్తోంది. నేను పక్కన కూర్చుని, ఇంకేం దాచుకోకుండా మొత్తం చెప్పేశాను. నాటకం, లాకులు, నాన్న అడిగిన ప్రశ్న, నేను ఆడిన అబద్ధం. ఆ పిల్ల మొహం వంక చూడకుండా చెప్పాను. చూస్తే ఆగిపోతానని తెలుసు.

ఆ పిల్ల వచ్చి నా పక్కన కూర్చుంది. "నాన్న చెప్పారు పిన్నీ," అంది. "లాకుల సంగతి చిన్నప్పట్నుంచీ చెప్పేవారు. రేపల్లె ఇంట్లో రెండు గదులు, పదిమంది. పెద్దవాళ్ళ ముందు అమ్మతో మాట్లాడ్డానికే లేదట. అమ్మ మనసిప్పి మాట్లాడింది ఆ సాయంత్రమేనట. తనకి ఏ కూరంటే ఇష్టమో, చీకటంటే ఎంత భయమో, ఆడపిల్ల పుడితే ఏం పేరు పెట్టాలో అన్నీ ఆ గట్టు మీదే చెప్పిందట. ఆ పేరే నాకు పెట్టారు. అమ్మ గురించి నాకు తెలిసినదంతా ఆ గంటసేపట్లోదే. 'మీ పిన్ని మంచిది, మమ్మల్ని చూసీ చూడనట్టు వదిలేసింది' అనేవారు."

"మరి మా నాన్న ముందు నేనన్న మాట?" అన్నాను.

"అది ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడే వింటున్నాను," అంది. తర్వాత, నన్ను అనాలని కాదు, తనలో తను అనుకున్నట్టుగా, "ఆ రోజు చెప్పుంటే మీ అందరి చేతుల్లో పెరిగేదాన్ని కదా పిన్నీ," అంది. అని, నా చెయ్యి పట్టుకుంది. విడిచిపెట్టలేదు.

రేపల్లె బండి ముందు వచ్చింది, ఆ పిల్ల వెళ్ళిపోయింది. నా బండికి ఇంకా టైముంది. ఇన్నాళ్ళూ నాటకం వింటూ ఏమరుపాటుగా ఉన్న ఆ గంటకే నేను కుమిలిపోయాను. దాని వల్ల ఎవరికీ ఏ చెడూ జరగలేదు, పైగా తల్లి లేని పిల్ల దాన్ని పట్టుకునే పెరిగింది. నేను ఏడవాల్సింది నాన్న ముందు నిలబడ్డ అర నిమిషానికి. ఆ గంట ఎప్పుడో గడిచిపోయింది. ఈ అర నిమిషమే ఇంకా గడవలేదు.