‘ఏమో’ అనే మందు

థర్మల్ పవర్ స్టేషన్ కంట్రోల్ రూమ్‌లో నా ఉద్యోగం. చూసిన మీటర్‌నే మళ్ళీ చూసేవాణ్ణి కాబట్టి పైఅధికారులకు నేనంటే ముద్దు. ఆ బుద్ధినే ఇంటికీ తెచ్చుకున్నాను. క్వార్టర్‌కు తాళం వేసి, లాగి చూసి, వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి మళ్ళీ లాగేవాణ్ణి. కాలనీలో చిమ్నీ బూడిద నిలవని వస్తువు మా తాళం ఒక్కటే, దానికి నా వేళ్ళు తీరిక ఇచ్చేవి కావు. యరగేరలో మా మరదలి పెళ్ళికి బయలుదేరి, దారిలో బస్సు దిగి వెనక్కి వచ్చి, తీరా భోజనాల వేళకు చేరుకున్న ఘనుణ్ణి.

"నీకు వహం పట్టిందిరా," అనేది అమ్మ. వదలని అనుమానాన్ని మా రాయచూరు ఇళ్ళల్లో అలాగే అంటారు. "వహంకు హకీం కాడ గూడ దవా లేదు."

నేను దాన్ని జాగ్రత్త అనేవాణ్ణి. ఆ జాగ్రత్తే తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికీ వచ్చింది.

"నాన్నా, తాళం పడ్డదా?"

"పడ్డది బిడ్డా."

మళ్ళీ అడిగేది. బడి దారిలోంచి వెనక్కి వచ్చేది. చివరికి బడికి చేరడమే అరుదైంది. ఇలాగైతే పరీక్షకు కూర్చోనిచ్చేది లేదని హెడ్మాస్టర్ కబురు పెట్టాడు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

రాయచూరులో ఒక డాక్టరమ్మ ఈ జబ్బుకు కొత్త చికిత్స ఎలా పనిచేస్తుందో పిల్లల్లోనూ పెద్దల్లోనూ పరీక్షిస్తోందని తెలిసి, అమ్మాయిని తీసుకెళ్ళాను. ఆమె ప్రశ్నలు అడుగుతుంటే బయట పెట్టిన స్కూటర్ గుర్తొచ్చింది. వెళ్ళి దాని తాళం చూసి వచ్చి కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

"మీరూ చేరండి," అంది ఆమె కన్నడంలో, నవ్వకుండా. గురివింద తన కింది నలుపెరగదంటారు, నాకు అది డాక్టరు చెబితే గానీ తెలియలేదు.

పద్ధతి చెప్పింది. అనుమానం వస్తే వెనక్కి వెళ్ళి చూడకూడదు. ఎవరు అడిగినా భరోసా ఇవ్వకూడదు. తాళం పడి ఉండొచ్చు, పడకపోయి ఉండొచ్చు అని ఊరుకోవాలి.

"ఇంత పొడుగ్గా ఎందుకు, మీ తెలుగులో దీనికి చిన్న మాట ఏముంది?"

"ఏమో," అన్నాను.

"తెలియకపోతే ఇంట్లో అడిగి రండి."

"ఆ మాటే ‘ఏమో’ మేడం," అని మా అమ్మాయి పకపకా నవ్వింది. అది అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

మందు చిన్నదే, మింగడమే కష్టం. బిడ్డ కళ్ళనీళ్ళతో అడుగుతుంటే ‘ఏమో’ అనేసి ముఖం అటు తిప్పుకునేవాణ్ణి.

"ఏంది గిట్ల? పోరి ఏడుస్తుంటె ఏమో అంటవా? నీ నోట్ల మన్నువడ!" అని అమ్మ దీవించేది.

కొన్ని నెలలకు అడగడం తగ్గింది. బడికి వేళకు చేరడం మొదలైంది. పరీక్షకు కూర్చోనిచ్చారు.

మొదటి పరీక్ష రోజు ఇద్దరం బస్సెక్కాం. బస్సు కాలనీ గేటు దాటింది. అమ్మాయి పుస్తకంలో తల పెట్టి చదువుకుంటోంది. నేనే ఆగలేకపోయాను.

"బిడ్డా, తాళం పడ్డదా?"

తల ఎత్తి నన్ను చూసింది. పుస్తకం మూసింది.

"ఏమో నాన్నా," అంది.

నా చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది. బడి వచ్చేదాకా వదల్లేదు. నన్ను దిగనివ్వకుండానా, తాను దిగకుండానా, ఏమో.